గట్టు రోడ్డు మీద కొత్త స్విఫ్ట్ కారు: నా అనుభవం

మాది కోనసీమలో మలికిపురం మండలం. నేను ఉపాధ్యాయురాలిని. 2011లో కొన్న పాత చిన్నకారులో మా కుటుంబం పద్నాలుగేళ్లు తిరిగింది. పెళ్లిళ్లకూ ఆసుపత్రులకూ అమలాపురానికీ రాజమండ్రికీ అదే దిక్కు. ఆ కారులో ఎయిర్‌బ్యాగు ఒక్కటీ లేదు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు, వెనక సీటు మధ్యలో కూర్చునేవారికి నడుము మీదుగా వేసుకునే పట్టీ తప్ప వేరే ఆధారం లేదు. మేము ఐదుగురం బయలుదేరితే ఆ మధ్య సీటు ఎప్పుడూ మా అబ్బాయిదే. కారు మార్చాలన్న ఆలోచన నాకు అక్కడే మొదలైంది. పెద్ద కారు కొనే స్తోమత మాకు లేదు, కొన్నా దాన్ని తిప్పడానికి మా వీధిలో చోటు లేదు. అందువల్ల నాలుగు మీటర్ల లోపు కార్లలోనే వెతకాలని నేనూ మావారూ ముందే అనుకున్నాము.

2025 వేసవి సెలవుల్లో వెతుకులాట మొదలుపెట్టాము. టాటా టియాగో, హ్యుందాయ్ గ్రాండ్ ఐ10 నియోస్, మారుతి సుజుకి వారి వ్యాగన్‌ఆర్, స్విఫ్ట్ మా జాబితాలోకి వచ్చాయి. మావారి మొగ్గు టియాగో వైపు ఉండేది. 2020 జనవరిలో, కార్లను గుద్దించి భద్రత తేల్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో దానికి ఐదింటికి నాలుగు నక్షత్రాలు వచ్చాయనీ, నేలకూ కారు అడుగుభాగానికీ మధ్య 170 మిల్లీమీటర్ల ఎడం ఉందనీ ఆయన వాదన. అది తీసిపారేయదగిన వాదన కాదు. మా తమ్ముడి దగ్గరున్నది 2021 నాటి స్విఫ్ట్. ఆ తరం స్విఫ్ట్‌కు 2022 డిసెంబరులో అదే సంస్థ జరిపిన పరీక్షలో ఒక్క నక్షత్రమే వచ్చింది. 2022 జులై నుంచి పరీక్ష నియమాలు కఠినమయ్యాయి కనుక ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూడకూడదన్న మాట నిజమే. అయినా ఒక్క నక్షత్రం అన్న సంగతి విన్న తరువాత మనసు కుదుటపడడం కష్టం.

అయితే 2024 మే నెలలో వచ్చిన నాలుగో తరం స్విఫ్ట్‌లో కంపెనీ చేసిన మార్పులు పైపై మెరుగులు కావు. అన్నిటికంటే తక్కువ ధర రకం నుంచే ఆరు ఎయిర్‌బ్యాగులు, కారు అదుపు తప్పబోతే సరిదిద్దే ఈఎస్‌పీ, ఎత్తు మీద ఆగి బయలుదేరేటప్పుడు వెనక్కి జారకుండా పట్టి ఉంచే హిల్ హోల్డ్, ఐదు సీట్లకూ భుజం మీదుగా వచ్చే సీటు బెల్టులు, పెట్టుకోకపోతే గుర్తుచేసే మోత అన్నీ ఇచ్చారు. ఖరీదైన రకాలకే పరిమితం చేసే సౌకర్యాలు ఒక ఎత్తు, ప్రాణానికి సంబంధించినవి మరొక ఎత్తు. రెండో కోవవి అందరికీ సమానంగా ఇవ్వడం నాకు ఎంతో నచ్చింది. మా అబ్బాయి కూర్చునే మధ్య సీటు ప్రశ్నకు సమాధానం అక్కడ దొరికింది.

ఇంజను విషయంలో మాత్రం ఇంట్లో చాలా రోజులు చర్చ నడిచింది. తమ్ముడి కారులోది నాలుగు సిలిండర్ల ఇంజను, 90 పీఎస్ (అశ్వశక్తి కొలత) శక్తి. కొత్తదానిలో మూడు సిలిండర్లే, శక్తి కూడా 82 పీఎస్‌కు తగ్గింది. ఇంజను పరిమాణం మాత్రం రెండింటిలోనూ 1197 సీసీయే. శక్తి తగ్గిన బండిని కొత్తదని ఎందుకు కొనాలని తమ్ముడు అడిగాడు. నా జవాబు ఇది: ఒకే పరిమాణాన్ని నాలుగింటికి బదులు మూడు సిలిండర్లకు పంచితే ఒక్కొక్కటి పెద్దదవుతుంది, రాపిడికి గురయ్యే భాగాలు తగ్గుతాయి, ఆ మేరకు పెట్రోలు ఆదా అవుతుంది. పెద్ద రహదారిలో గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వెళ్లేవారికి ఆ ఎనిమిది పీఎస్‌ల తేడా తెలుస్తుందేమో గాని, కాలవ గట్టు మీద ముప్ఫై నలభై మధ్య మూడో గేరులో పోయే మాకు తక్కువ వేగంలో ఇంజను లాగే తీరే ముఖ్యం. నడిపి చూస్తే ఆ పరిధిలో కొత్త ఇంజను చక్కగా లాగింది. ఆగి ఉన్నప్పుడు మాత్రం సన్నని వణుకు స్టీరింగు దాకా వస్తుంది. తమ్ముడి కారులో అది లేదు. నియోస్‌లోని నాలుగు సిలిండర్ల ఇంజను కూడా ఈ విషయంలో హాయిగా ఉంది. మొదటి వారం ఆ వణుకును గమనించాను, తరువాత అలవాటైపోయింది.

అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఎత్తుగా ఉండే వ్యాగన్‌ఆర్‌లోకి ఆవిడ కుర్చీలో కూర్చున్నంత తేలికగా ఎక్కారు. స్విఫ్ట్‌లో సీటు కిందికి ఉంటుంది. ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపి, మొదట పక్కకు తిరిగి కూర్చుని, తరువాత కాళ్లు లోపలికి తీసుకునే పద్ధతి రెండుసార్లు చేసి చూసి, "ఫర్వాలేదమ్మా, ఇది నాకు వీలుగానే ఉంది" అన్నారు. ఆవిడ మనస్ఫూర్తిగానే అన్నారా, నా ఇష్టం కనిపెట్టి అన్నారా అని నేను ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దలు రోజూ కారెక్కేవారైతే వ్యాగన్‌ఆర్‌ను ముందు చూడమనే నేను చెబుతాను. మా అత్తయ్యగారు నెలకు రెండు మూడుసార్లు ఎక్కుతారు, కారు ప్రతిరోజూ నడిపేది నేను. ఈ లెక్క చూసుకుని, 4.8 మీటర్ల వ్యాసార్ధంలో మలుపు తిరిగే స్విఫ్ట్‌నే ఖాయం చేసుకున్నాము.

సీఎన్‌జీ తీసుకోమని చెప్పినవారు చాలామంది. చుట్టూ ఓఎన్‌జీసీ గ్యాసు బావులున్న ప్రాంతంలో ఆ సలహా సహజమే. స్విఫ్ట్‌లో 2024 సెప్టెంబరు నుంచి సీఎన్‌జీ కూడా వస్తోంది, కిలోకు 32.85 కిలోమీటర్ల మైలేజీ అని కంపెనీ చెబుతుంది. కాని ఆ గ్యాసు సిలిండరు డిక్కీలోనే కూర్చుంటుంది. పెట్రోలు రకంలో డిక్కీ 265 లీటర్లు. అత్తయ్యగారు పట్టుకుని నడిచే బండి, పుట్టింటికి వెళ్లేటప్పుడు ఆవిడ తీసుకెళ్లే కొబ్బరికాయల బస్తా పెట్టాక అక్కడ మరొక వస్తువుకు చోటుండదు. సిలిండరు వస్తే బస్తా ఒళ్లో పెట్టుకోవాలి. టియాగో, నియోస్‌లలో రెండు చిన్న సిలిండర్లు అడుగున అమర్చి డిక్కీని చాలావరకు కాపాడారు. సీఎన్‌జీయే కావాలనుకునేవారు ఆ తేడాను స్వయంగా డిక్కీ తెరిచి చూసుకోవాలి.

ఆగస్టులో బుక్ చేయబోతుండగా జీఎస్టీ తగ్గుతుందన్న వార్త వచ్చింది. స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగంలో ప్రధానమంత్రి పన్నుల సంస్కరణ గురించి చెప్పారు, సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి నిర్ణయం తీసుకుంది, సెప్టెంబరు 22 నుంచి అది అమలులోకి వచ్చింది. నాలుగు మీటర్లు మించని, 1200 సీసీ లోపు పెట్రోలు కార్ల మీద అంతకుముందు 28 శాతం జీఎస్టీ, ఒక శాతం సెస్సు కలిపి 29 శాతం ఉండేది. అది 18 శాతమైంది. 29లోంచి 18 తీసేస్తే ధరలో 11 శాతం తగ్గుతుందని చాలామంది పొరబడ్డారు. పన్ను కలపని ధర మీద వేసే శాతం కనుక తగ్గుదల ఎనిమిదిన్నర శాతం దగ్గర ఉంటుంది. పన్నుతో కలిపి ఎనిమిది లక్షలున్న కారుకు రమారమి 68 వేలు తగ్గాలి. ఈ లెక్క కాగితం మీద వేసుకుని వెళ్లడం వల్ల షోరూములలో మాట్లాడడం సులువైంది. ఆ డబ్బుతోనే మేము స్విఫ్ట్‌లో మధ్యరకం వదిలి, దాని పైరకమైన జెడ్‌ఎక్స్‌ఐ దాకా వెళ్లగలిగాము.

రకం ఎంచుకోవడంలో మా ఆలోచన మా వాతావరణాన్ని బట్టి సాగింది. జెడ్‌ఎక్స్‌ఐలో వెనక అద్దానికి వైపరు, ఆవిరిని కరిగించే తీగలు ఉన్నాయి. వెనక భాగం నిలువుగా తెగినట్టుండే ఇలాంటి కార్లలో చక్రాలు లేపిన బురదనీరు గాలి సుడితో తిరిగి వచ్చి వెనక అద్దానికే అంటుకుంటుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా మా రోడ్ల మీద తిరిగేవారికి ఆ వైపరు విలువ వేరే చెప్పనక్కరలేదు. ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు, అలాయ్ చక్రాలు, ఉష్ణోగ్రతను తానే చూసుకునే ఏసీ కూడా ఈ రకంలో వస్తాయి. తొమ్మిది అంగుళాల తెర, కాలితో తొక్కకుండానే ఒకే వేగం నిలిపే క్రూయిజ్ కంట్రోలు, వెనక కెమెరా కావాలంటే ఇంకా పైరకానికి వెళ్లాలి. తెర మాకు అక్కరలేదు, క్రూయిజ్ కంట్రోలు వాడేంత ఖాళీ రోడ్డు మా దారిలో లేదు. కెమెరా లేకపోవడం మాత్రం నన్ను ఇబ్బంది పెట్టింది.

దానికి కారణం మా గట్టు రోడ్లు. ఒక పక్క పంటకాలవ, మరొక పక్క పొలం లేదా బోదె. ఎదురుగా కొబ్బరి లోడు ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాలి. వెనక బంపరులోని సెన్సార్లు అడ్డుగా ఉన్న గోడనో స్తంభాన్నో గుర్తించి మోగుతాయి. గట్టు అంచు దాటితే ఉండేది ఖాళీ. ఖాళీ చోటును చూసి సెన్సారు మోగదు, కాలవలోకి దిగే క్షణం దాకా నిశ్శబ్దంగానే ఉంటుంది. ఈ సంగతి నాకు టెస్ట్ డ్రైవులోనే తట్టింది. ఊళ్లోని సిమెంటు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి దించేస్తామన్న సేల్స్ అబ్బాయిని బతిమాలి మా గట్టు మీదికి తీసుకొచ్చాను. "ఆయ్, అలాగేనండి టీచరుగారూ, మీరెక్కడంటే అక్కడికే" అని ఓపికగా పక్కన కూర్చున్నాడు. వెనక్కి వస్తూ కాలవ అంచుకు ఎంత దగ్గరకొచ్చినా మోత వినిపించలేదు. డెలివరీకి ముందే వెనక కెమెరా అదనంగా పెట్టించుకున్నాము. మా ప్రాంతంలో కారు కొనేవారెవరైనా ఈ ఒక్కటి వదలవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

కొనుగోలులో ఒక చేదు అనుభవం కూడా ఎదురైంది. మేము మొదట వెళ్లిన ఒక షోరూములో ఇచ్చిన కొటేషనులో కారు ధర, జీవితకాల పన్ను, బీమా, ఫాస్టాగ్ కాకుండా హ్యాండ్లింగ్ ఛార్జీలంటూ ఒక పద్దు, మేము అడగని అలంకరణ సామగ్రికి మరొక పద్దు రాశారు. అవి దేనికని అడిగితే అందరూ ఇస్తున్నారన్నదే సమాధానం. బీమా బయట తీసుకుంటామంటే తగ్గింపు ఇచ్చేది లేదన్నారు. మేము లేచి వచ్చేశాము. తరువాత వెళ్లిన చోట ప్రతి పద్దునూ విడివిడిగా రాయించుకుని, అక్కరలేనివి కొట్టివేయించాకే అడ్వాన్సు కట్టాము. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు థర్డ్ పార్టీ బీమా మూడేళ్లకు ఒకేసారి కట్టాలి. సొంత కారు నష్టానికి చేసే బీమా మాత్రం ఏడాదికి తీసుకోవచ్చు. అందులో, మార్చిన భాగాలకు తరుగు కోయకుండా డబ్బిచ్చే జీరో డిప్రిసియేషనుతో పాటు, ఇంజనులోకి నీరు వెళ్లి పాడైతే వర్తించే రక్షణను కూడా చేర్పించాను. వరద గోదావరి పక్కన ఉండేవాళ్లం కనుక రెండోదాని గురించి బేరం ఆడలేదు.

డెలివరీకి రెండు రోజుల ముందు కారును యార్డులో పగటి వెలుతురులో చూశాము. చాసిస్ నంబరును కాగితాలతో పోల్చాను. ఐదు టైర్ల మీదా అచ్చువేసిన నాలుగంకెల సంఖ్య చదివాను. 2825 అని ఉంటే 2025లో 28వ వారంలో తయారైందని అర్థం. స్టెప్నీతో సహా అన్నీ ఇంచుమించు ఒకే కాలానివి. మావారు తలుపుల అంచుల దగ్గర రంగు తేడా ఉందేమో వేలితో తడిమి చూశారు. అద్దాలు, ఏసీ, లైట్లు, జాకీ చూసుకోవడానికి ముప్పావుగంట పట్టింది. దీపావళికి నాలుగు రోజుల ముందు కారు ఇంటికి వచ్చింది.

రెండు వారాలు కూడా నిండకముందే మొంథా తుపాను వచ్చింది. అక్టోబరు 28 రాత్రి అది నరసాపురం దగ్గర తీరం దాటింది, అంటే దాదాపు మా నెత్తి మీదుగానే వెళ్లింది. మా ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు. మామూలు రోజుల్లో కూడా ఎండిన మట్ట ఒకటి పడితే కారు పైకప్పు సొట్టపోతుంది. ఆ మధ్యాహ్నమే కారును తీసుకెళ్లి, తెలిసినవారి రైసు మిల్లు గోడౌనులో ధాన్యం బస్తాల పక్కన పెట్టి వచ్చాము. మర్నాడు మా వాకిట్లో, సరిగ్గా కారు నిలిపే చోట, రెండు మట్టలూ ఒక గెలా పడి ఉన్నాయి.

డిసెంబరు మొదటివారంలో జరిగిన సంగతి నేను మరచిపోలేను. కోతలయ్యాక మా రోడ్ల మీద సగం వెడల్పున ధాన్యం ఆరబోస్తారు. వేరే కళ్లం లేని రైతుకు అదే గతి. మనం మిగిలిన సగంలో నెమ్మదిగా పోవాలి. చీకటి పడేవేళ రాజోలు నుంచి వస్తుండగా ఎదురుగా ఒక మోటారు సైకిలు హఠాత్తుగా మా సగంలోకి వచ్చింది. నేను ఎడమకు తప్పుకుంటూ గట్టిగా బ్రేకు వేశాను. ఎడమ చక్రాలు రెండూ ధాన్యం మీద, కుడి చక్రాలు తారు మీద. గింజల మీద చక్రానికి పట్టు ఉండదు. పట్టున్న కుడివైపుకు కారు తిరగబోతుంది, పాత కారైతే ఆ మోటారు సైకిలు మీదికే తిరిగేది. కాలి కింద బ్రేకు పెడలు టకటకమని కొట్టుకుంది, ఎదుట పలకలో జారుడు గుర్తు పసుపుపచ్చగా రెండు మూడుసార్లు వెలిగి ఆరింది, కారు ఉన్న దారిలోనే వంకర పోకుండా ఆగింది. ఏబీఎస్ ఏ చక్రం బిగుసుకుపోతే ఆ చక్రానికి బ్రేకు సడలించింది, ఈఎస్‌పీ కారు తిరగకుండా పట్టింది. నేను దిగి రైతుకు క్షమాపణ చెప్పి, చెదిరిన గింజలను ఆయనతో పాటు చేతులతోనే లోపలికి నెట్టాను. "గింజలకేముందమ్మా, మీకేం కాలేదు కదా" అన్నాడాయన.

మైలేజీ గురించి అందరూ అడుగుతారు. మాన్యువల్ గేర్ల రకానికి కంపెనీ చెప్పేది లీటరుకు 24.80 కిలోమీటర్లు. నేను ప్రతిసారీ ట్యాంకు నిండుగా కొట్టించి, మళ్లీ నిండుగా కొట్టించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూసి లెక్క వేస్తున్నాను. మొదటి ట్యాంకులో 17.8 వచ్చింది. వెయ్యి కిలోమీటర్ల దగ్గర మొదటి ఉచిత సర్వీసు అయ్యాక 20 చుట్టూ నిలకడగా ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు. ఇథనాలులో శక్తి పెట్రోలులో కంటే తక్కువ కనుక మైలేజీ కొంత తగ్గడం సహజం. కొత్త ఇంజను ఆ ఇంధనానికి తగినట్టే తయారైంది గనుక ఆ దిగులు లేదు.

తేమ గురించి ఒక మాట చెప్పాలి. వానలో అద్దం లోపలివైపు ఆవిరి పడితే ఏసీ వేసి గాలిని అద్దం మీదికి మళ్లిస్తే చాలు, ఏసీ గాలి పొడిగా ఉంటుంది కనుక క్షణాల్లో కరుగుతుంది. ఉక్కపోత రోజున ఏసీ ఎక్కువ చల్లగా పెడితే ఆవిరి అద్దం బయటివైపు పడుతుంది. అప్పుడు ఏసీ ఎంత పెంచితే అంత ఎక్కువవుతుంది. వైపరు వేసి, చల్లదనం తగ్గించాలి. మొదటి నెలలో నాకు ఈ తేడా తెలియక ఒకసారి దిండి దగ్గర బండి పక్కకు ఆపుకోవలసి వచ్చింది.

సంక్రాంతికి అత్తయ్యగారి పుట్టిల్లు నరసాపురం వెళ్లాము. చించినాడ వంతెన మీదుగా వెళితే పాలకొల్లు వైపు తిరిగి వెళ్లాలి. సఖినేటిపల్లి రేవులో, బండ్లనూ మనుషులనూ నది దాటించే పంటు ఎక్కితే గోదావరి పాయ వశిష్ఠ దాటగానే ఊరే. అత్తయ్యగారికి పంటు మీద వెళ్లాలని కోరిక. నా భయం కారు ముక్కు గురించి. స్విఫ్ట్‌కు నేల ఎడం 163 మిల్లీమీటర్లు, మావారు కోరిన టియాగో కంటే ఏడు తక్కువ. రేవు వాలు దిగి పంటు పలక మీదికి ఎక్కే మడత దగ్గర ముందు బంపరు కింది అంచు రాసుకునే ప్రమాదం ఉంది. నన్ను తప్ప అందరినీ దించేశాను, దానితో కారు కొద్దిగా లేచింది. మావారు మోకాళ్ల మీద కూర్చుని బంపరు కిందికే చూస్తూ చేయి ఊపుతుంటే, ఏటవాలుగా ఒక్కొక్క చక్రమూ ఎక్కేలా అంగుళం అంగుళం పోనిచ్చాను. రెండు వేళ్ల సందు మిగిలిందని ఆయన చెప్పారు. పంటు కళాసీ ఒకాయన, "పోటు మీదున్నది కాబట్టి సరిపోయిందండి, పాటు తీస్తే పలక ఇంకా వాలిపోద్దండి" అన్నాడు. సముద్రం దగ్గర కావడంతో అక్కడ నీటిమట్టం పోటుకు పెరుగుతూ, పాటుకు తగ్గుతూ ఉంటుంది. మర్నాడు తిరుగు ప్రయాణానికి బయలుదేరే వేళకు నీరు బాగా తీసి ఉంది. అత్తయ్యగారిని అమ్మాయితో పాటు పంటు ఎక్కించి, నేనూ మావారూ అబ్బాయీ కారును చించినాడ వంతెన మీదుగా తెచ్చి, సఖినేటిపల్లి రేవులో వాళ్లను ఎక్కించుకున్నాము.